ఇద్దరే ఆడే టూ-సెవెన్ ట్రిపుల్ డ్రాలో నిర్ణయాలు ఎలా తీసుకోవాలి

లోబాల్ పోకర్‌లో చిన్న ముక్కలున్నవారిదే గెలుపు. ఆ కుటుంబానికి చెందిన ఆటల్లో డ్యూస్-టు-సెవెన్ (టూ-సెవెన్) ట్రిపుల్ డ్రాను, అందులోనూ ఇద్దరే ఎదురెదురుగా కూర్చుని ఆడే లిమిట్ ఆటను (బెట్ పరిమాణం ముందే ఖాయమై ఉండే ఆటను) ఈ వ్యాసానికి తీసుకుంటున్నాను. ఇందులో బల్ల మీద తెరిచి ఉంచే ముక్క ఒక్కటి కూడా ఉండదు. ప్రత్యర్థి గురించి మీకు తెలిసేవి రెండే సంగతులు: ఆయన ఎన్ని ముక్కలు మార్చుకున్నారు, ఏ దశలో బెట్ పెంచారు. అందువల్ల మీ చేతిలోని ముక్కలు ఎంత బాగున్నాయో ఎంతసేపు చూసుకున్నా నిర్ణయం తేలదు. ప్రత్యర్థి ఎన్ని ముక్కలు మారుస్తున్నారు, ఇంకా ఎన్ని డ్రాలు (ముక్కలు మార్చుకునే విడతలు) మిగిలాయి, ముందుగా మాట్లాడవలసింది ఎవరు అన్న మూడు ప్రశ్నలకు జవాబు చెప్పుకున్న తరువాతే మీ ముక్కల విలువ ఎంతో తెలుస్తుంది.

మొదలుపెట్టే ముందు ఒక ముఖ్యమైన విషయం. డబ్బు పందెంతో ఆన్‌లైన్‌లో ఆడే ఆటలను తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను తమ గేమింగ్ చట్టాలను సవరించి నిషేధించాయి. 2025లో పార్లమెంటు ఆమోదించిన చట్టం ఆ నిషేధాన్ని దేశమంతటికీ వర్తింపజేసింది. ఈ వ్యాసంలోని లెక్కలన్నీ విలువ లేని చిప్స్‌తో ఇంట్లో కూర్చుని సాధన చేయడానికి సరిపోతాయి. మీరు విదేశంలో ఉన్నట్లయితే అక్కడి చట్టం ఏమి చెబుతుందో ముందుగా తెలుసుకోండి.

ముందుగా హ్యాండ్‌ల వరుసను, ఆట క్రమాన్ని మనసులో స్థిరపరచుకోండి

ఈ ఆటలో ఆసు ఎప్పుడూ పెద్ద ముక్కే. ఐదు ముక్కలు వరుసగా వచ్చినా, ఐదూ ఒకే గుర్తువైనా అది మీకు నష్టమే. అందుకే అన్నిటికన్నా మంచి హ్యాండ్, అంటే చేతిలోని ఐదు ముక్కల కూర్పు, 7-5-4-3-2. దాని తరువాత వరుసగా 7-6-4-3-2, 7-6-5-3-2, 7-6-5-4-2 వస్తాయి. ఏడు పెద్ద ముక్కగా ఉండే ‘ఏడు హ్యాండ్‌లు’ ఈ నాలుగే, ఎందుకంటే 7-6-5-4-3 వరుస అయిపోతుంది. ఈ నాలుగింటిలోనూ రెండు, ఏడు తప్పనిసరిగా ఉన్నాయన్న సంగతిని గమనించండి. రెండు లేకుండా మీరు చేయగలిగిన అత్యుత్తమ హ్యాండ్ 8-6-5-4-3 మాత్రమే. మొదటి ఐదు ముక్కలు చేతికి వచ్చిన వెంటనే రెండు ఉందా లేదా అని చూడవలసిన కారణం ఇదే.

ఇద్దరే ఆడుతున్నప్పుడు బటన్ (పంచేవారి స్థానాన్ని చూపే గుర్తు) ఉన్నవారు స్మాల్ బ్లైండ్ పెడతారు, ఎదుటివారు బిగ్ బ్లైండ్ పెడతారు. ముక్కలు చూడకముందే తప్పనిసరిగా వేసే పందేలే ఈ బ్లైండ్‌లు. మొదటి దశలో బటన్ ముందుగా మాట్లాడతారు. ఆ తరువాత ప్రతి దశలోనూ బిగ్ బ్లైండ్ ముందుగా బెట్ విషయం చెప్పాలి, ముక్కలు కూడా ముందుగా మార్చుకోవాలి. మూడు డ్రాలు, నాలుగు బెట్టింగ్ దశలు ఉంటాయి. మొదటి రెండు దశల్లో చిన్న బెట్, చివరి రెండింటిలో దానికి రెట్టింపైన పెద్ద బెట్ నడుస్తుంది. ప్రత్యర్థి ఎన్ని ముక్కలు మార్చారో చూసిన తరువాత తన సంగతి తేల్చుకునే అవకాశం మూడు డ్రాలలోనూ బటన్‌కే దక్కుతుంది. ఈ ఆటలో అంతకు మించిన సౌకర్యం లేదని నేను గట్టిగా నమ్ముతాను.

మొదటి ఐదు ముక్కలతో ఆడాలా, వదిలేయాలా

బటన్ మీద ఉన్నప్పుడు ఉదారంగా ఆడండి. ఎనిమిదికి మించని మూడు ముక్కలుండి వాటిలో ఒకటి రెండు అంకె ముక్క అయితే సందేహం లేకుండా రైజ్ చేయవచ్చు, అంటే బెట్ పెంచవచ్చు. రెండుతో పాటు మూడో, నాలుగో, ఏడో మాత్రమే ఉండి మిగిలిన మూడు ముక్కలు మార్చుకోవలసి వచ్చినా, ఇద్దరి ఆటలో అది రైజ్‌కు తగినదే. ఆడదలచుకుంటే రైజ్ చేసే ఆడండి. కేవలం కాల్ చేసి (ఎదుటి బెట్‌కు సమానంగా మాత్రమే వేసి) లోపలికి వస్తే బిగ్ బ్లైండ్‌కు ఉచితంగా ముక్కలు మార్చుకునే అవకాశం ఇచ్చినవారవుతారు.

బిగ్ బ్లైండ్‌లో ఉన్నవారు ఇంకొక లెక్క వేసుకోవాలి. బటన్ రెండు చిన్న బెట్లకు పెంచినప్పుడు పాట్‌లో (మధ్యలో పోగైన పందెంలో) మీ బ్లైండ్‌తో కలిపి మూడు చిన్న బెట్లు ఉంటాయి, మీరు వేయవలసింది ఒకటి. అంటే నాలుగింట ఒక వంతు గెలుపు అవకాశం ఉన్నా కాల్ లెక్కకు నిలుస్తుంది. ఐతే ఆట పొడవునా ముందుగా మాట్లాడవలసిన ఇబ్బంది మీదే కనుక ఆ లెక్కను అంచు దాకా సాగదీయకండి. రెండు లేని, ఆరు-ఏడు-ఎనిమిది వంటి మొరటు (పెద్ద అంకెల) ముక్కలను వదిలేయడమే మంచిది. ఒకే ముక్క మార్చవలసిన మంచి నాలుగు ముక్కలున్నా, అప్పటికే పూర్తయిన ఎనిమిది హ్యాండ్ ఉన్నా, 2-3-4 లేదా 2-3-7 వంటి నున్నని (చిన్న అంకెల) మూడు ముక్కలున్నా మళ్లీ రైజ్ చేయండి.

ఏ నాలుగు ముక్కలను ఉంచుకోవాలి

కొత్తవారిలో చాలామంది 2-3-4-5ను చూసి సంతోషిస్తారు, 2-3-4-7ను దానికన్నా తక్కువగా తలుస్తారు. లెక్క దానికి వ్యతిరేకంగా ఉంది. 2-3-4-7కు ఐదు, ఆరు, ఎనిమిది ఏది వచ్చినా ఎనిమిది లేదా అంతకన్నా మంచి హ్యాండ్ తయారవుతుంది, అంటే పన్నెండు ముక్కలు పనికొస్తాయి. 2-3-4-5కు ఆరు వస్తే వరుస అయిపోతుంది కనుక ఏడు, ఎనిమిది మాత్రమే, అంటే ఎనిమిది ముక్కలే మిగులుతాయి. వచ్చిన ఏడు అత్యుత్తమ హ్యాండ్‌ను ఇస్తుందన్నది నిజమే గాని, మూడో వంతు అవకాశాలు పోగొట్టుకున్న తరువాత వచ్చే ఊరట అది. ఇక 3-4-5-6 పరిస్థితి మరీ దయనీయం, ఎందుకంటే దానికి రెండు వచ్చినా ఏడు వచ్చినా వరుసే అవుతుంది, ఎనిమిది ఒక్కటే దిక్కు.

పన్నెండు ముక్కలు పనికొచ్చే స్థితిలో మీరు చూడని 47 ముక్కల నుంచి ఒకటి తీసుకుంటే విజయావకాశం దాదాపు 25 శాతం. రెండు డ్రాలు మిగిలి ఉంటే అది 45 శాతానికి, మూడూ మిగిలి ఉంటే 60 శాతానికి చేరుతుంది. ఈ మూడు అంకెలను కంఠస్థం చేయండి. మిగతా నిర్ణయాల్లో చాలా భాగం వీటి మీదే నిలబడుతుంది.

ప్యాట్‌గా నిలవాలా, విడగొట్టి మార్చుకోవాలా

ముక్కలేవీ మార్చకుండా నిలవడాన్ని ప్యాట్ అంటారు. ఇద్దరి ఆటలో కష్టమైన నిర్ణయాల్లో ఎక్కువ భాగం ఇక్కడే ఎదురవుతాయి. హ్యాండ్ పూర్తయిందన్న తృప్తితో తొమ్మిదినో పదినో పట్టుకుని కూర్చునేవారు కొందరైతే, ఎప్పుడూ ఏడు కోసమే చూస్తూ గెలిచే హ్యాండ్‌ను చేజేతులా విడగొట్టేవారు మరికొందరు. ఈ రెండింటికీ మధ్య గీత ఎక్కడ పడుతుందో లెక్క చూపిస్తుంది.

చివరి డ్రా ఒక్కటే మిగిలి ఉందనుకోండి. బిగ్ బ్లైండ్‌లోని ప్రత్యర్థి ఒక ముక్క మార్చుకున్నారు. ఆయన 2-3-4-7 వంటి శ్రేష్ఠమైన ముక్కల మీద ఉన్నారనే అనుకుందాం. మీ చేతిలో 10-8-6-5-2 ఉంది. ఆయనకు మీ మీద గెలుపునిచ్చే ముక్కలు ఐదులు మూడు, ఆరులు మూడు, ఎనిమిదులు మూడు, తొమ్మిదులు నాలుగు, పదులు మూడు, మొత్తం పదహారు. ఇద్దరి చేతుల్లోనివి తీసివేస్తే మిగిలిన 43 ముక్కల్లో పదహారంటే 37 శాతం. అంటే మొరటు పదితో నిలబడ్డా మీరు 63 శాతం సార్లు గెలుస్తారు. పది స్థానంలో జాకీ ఉన్నట్లయితే ఆయనకు పనికొచ్చేవి ఇరవై అవుతాయి, అప్పుడు కూడా ఆయన అవకాశం 47 శాతం లోపే. రాణి ఉంటే మాత్రం ఇరవై నాలుగై 56 శాతానికి వెళుతుంది. కాబట్టి ఆఖరి డ్రాలో ప్రత్యర్థి ఒక ముక్క మారుస్తున్నప్పుడు జాకీ వరకు ప్యాట్‌గా నిలవండి, రాణి ఉంటే విడగొట్టండి. ప్రత్యర్థి రెండు ముక్కలు మారుస్తున్నారంటే జాకీతో నిలబడడానికి వెనుకాడవలసిన పనే లేదు.

ఇదే లెక్కను రెండు డ్రాలు మిగిలినప్పుడు వేసి చూస్తే ఫలితం మారిపోతుంది. మీ చేతిలో 10-7-4-3-2, ప్రత్యర్థి 2-3-5-8 మీద ఒక ముక్క మారుస్తున్నారనుకోండి. నాలుగు, ఆరు, ఏడు, తొమ్మిది కలిపి ఆయనకు పద్నాలుగు ముక్కలు పనికొస్తాయి. ఒక డ్రాలో అది 33 శాతమే గాని, రెండు డ్రాలూ కలిపితే 55 శాతం. పైగా ఆ పదితో మీరు ధైర్యంగా బెట్ పెట్టలేరు, ఆయనకు వచ్చినప్పుడు మాత్రం రైజ్‌లు భరించాలి. అడుగున 7-4-3-2 వంటి మంచి ముక్కలున్నప్పుడు పదిని విసిరేయడమే సరైనది. అక్కడ పది బదులు తొమ్మిది ఉంటే ఆయనకు పది ముక్కలే పనికొస్తాయి, రెండు డ్రాలకూ కలిపి 41 శాతం చిల్లర. ఆ హ్యాండ్‌తో నిలబడవచ్చు. పదికీ తొమ్మిదికీ మధ్య ఒక్క మెట్టే తేడా ఉన్నా, రెండు డ్రాలు మిగిలినప్పుడు నిర్ణయం ఆ మెట్టు దగ్గరే తిరగబడుతుంది.

ప్రత్యర్థి తానే ప్యాట్‌గా నిలిచినప్పుడు పై లెక్కలు వర్తించవు. రెండో డ్రా తరువాత ఆయన రైజ్ చేసి, ఆ పైన ముక్కలేవీ మార్చకపోతే, ఆయన దగ్గర ఎనిమిది లేదా అంతకన్నా మంచిది ఉందని ముందుగా భావించాలి. అప్పుడు మీ 9-7-4-3-2 పూర్తయిన హ్యాండ్‌గా కనిపించినా ఓడిపోతున్న హ్యాండే. తొమ్మిదిని తీసేసి 7-4-3-2తో మార్చుకోండి. అడుగు ముక్కలు మొరటువైతే, ఉదాహరణకు 9-8-7-5-3 ఉంటే, విడగొట్టినా లాభం ఉండదు. అటువంటప్పుడు ప్యాట్‌గానే నిలిచి, ప్రత్యర్థి మోసం చేస్తున్నారన్న, అంటే బలం లేకుండానే ఉన్నట్లు బెట్ పెడుతున్నారన్న, అవకాశం మీద చివరి కాల్ గురించి ఆలోచించుకోవాలి.

బిగ్ బ్లైండ్‌లో ఉన్నప్పుడు ఈ నిర్ణయాలన్నీ ప్రత్యర్థి డ్రాను చూడకముందే చేయాలి. కనుక మీకు దారి చూపేది అంతకు ముందు జరిగిన బెట్టింగే. కిందటి డ్రాలో ఒక ముక్క మార్చిన బటన్ మీ బెట్‌కు కేవలం కాల్ చేస్తే, ఆయన మళ్లీ ఒక ముక్క మార్చే అవకాశమే ఎక్కువ, పదితో నిలబడండి. ఆయన రైజ్ చేసి ఉంటే ఆ పదికి విలువ చాలావరకు పోయినట్లే.

మధ్య దశల్లో ఎప్పుడు బెట్ పెట్టాలి

ఇక్కడ సూత్రం సులువైనది. ప్రత్యర్థి కన్నా తక్కువ ముక్కలు మార్చుకున్నవారు మీరైతే, మీకు వచ్చిన ముక్క ఏదైనా బెట్ పెట్టండి. జత పడిందన్న సంగతి మీకు మాత్రమే తెలుసు. సగటున ముందున్నది మీరే. ఇద్దరూ సమానంగా మార్చుకుని ఉంటే హ్యాండ్ మెరుగుపడినప్పుడు బెట్ పెట్టండి, లేకపోతే చెక్ చేయండి, అంటే బెట్ పెట్టకుండా వంతును ఎదుటివారికి వదలండి. మీరే ఎక్కువ ముక్కలు మార్చుకుని ఉంటే, హ్యాండ్ ఎంతో బాగుపడితే తప్ప చెక్ చేసి ప్రత్యర్థి మాట వినండి.

రెండో డ్రా తరువాత బెట్ రెట్టింపు అవుతుంది కనుక అక్కడ ఒకసారి ఆగి ఆలోచించాలి. అప్పటికీ మీరు 2-3-7 పట్టుకుని రెండు ముక్కలు మార్చవలసిన స్థితిలోనే ఉంటే, ఒక్క డ్రాలో ఎనిమిది లేదా అంతకన్నా మంచి హ్యాండ్ తయారయ్యే అవకాశం 9 శాతానికి కొంచెం తక్కువ. మొదట ఒక రైజ్, తరువాత ఒక చిన్న బెట్ నడిచిన పాట్‌లో మూడు పెద్ద బెట్లుంటాయి. ప్రత్యర్థి ఇంకొకటి వేస్తే మీరు నాలుగు గెలవడానికి ఒకటి వేయాలి, అంటే 20 శాతం అవకాశం కావాలి. ఆయన ప్యాట్‌గా నిలుస్తున్న తీరు కనిపిస్తే వదిలేయండి. ఆయన కూడా ఇంకా ఒక ముక్క మారుస్తున్నట్లయితే, పదులూ జాకీలూ కూడా గెలవగలవు కనుక, మీ మూడు ముక్కలు ఇంత నున్నగా ఉన్నప్పుడు మాత్రం కాల్ చేయవచ్చు.

పారేసిన ముక్కలను గుర్తుంచుకోండి

ఇద్దరి ఆటలో ఒక వెసులుబాటు ఉంది. మొదట పంచేవి పది ముక్కలు. మూడు డ్రాలలోనూ ఇద్దరూ ఐదేసి మార్చుకున్నా మరో ముప్పై. మొత్తం నలభై దాటదు కనుక కట్ట ఎప్పుడూ అయిపోదు, పారేసినవి తిరిగి కలపవలసిన అవసరం రాదు. మీరు విసిరేసిన ముక్క ఇక ప్రత్యర్థికి రాదని ఖాయంగా చెప్పవచ్చు. రమ్మీలో ఎత్తిన ముక్కలనూ పడేసిన ముక్కలనూ లెక్కపెట్టే అలవాటు మన ఇళ్లలో చాలామందికి ఉంది. ఆ అలవాటు ఇక్కడ నేరుగా పనికొస్తుంది.

మీరు 2-3-4-7 మీద మార్చుకుంటూ వరుసగా నాలుగు, రెండు వంటివి జతలుగా తెచ్చుకుని పారేశారనుకోండి. మీకు పనికొచ్చే ఐదు, ఆరు, ఎనిమిదుల లెక్క తగ్గలేదు, కాని ప్రత్యర్థికి కావలసిన చిన్న ముక్కలు తగ్గిపోయాయి. మీ ముఖంలో నిరాశ కలిగించే ఈ జతలే ఆయన డ్రాను బలహీనపరుస్తున్నాయి. అటువంటి ఆటల్లో అంచున ఉన్న పదితోనో జాకీతోనో నిలబడడం మరింత సబబు అవుతుంది.

దీని నుంచే ప్యాట్ మోసం పుడుతుంది. చేతిలో మూడు రెండులు పడితే కట్టలో ప్రత్యర్థి కోసం ఒక్క రెండే మిగులుతుంది, ఆయన ఏడు హ్యాండ్ చేయడం చాలా కష్టమవుతుంది. అటువంటి ముక్కలతో మొదటి నుంచి రైజ్ చేసి, ఏదీ మార్చకుండా నిలిచి, చివరి దాకా బెట్ పెడుతూ వెళ్లవచ్చు. ఇది బటన్ మీద ఉన్నప్పుడు, ప్రత్యర్థి రెండు మూడు ముక్కలు మార్చుతున్నారని చూసిన తరువాత చేస్తేనే ఫలిస్తుంది. పదితో, జాకీతో కూడా కాల్ చేసే స్వభావం ఉన్నవారి మీద దీన్ని ప్రయోగించకండి.

చివరి దశలో బెట్, కాల్, మోసం

2-3-4-7 మీద ఒక ముక్క తీసుకున్నవారికి వచ్చే ఫలితాలను మంచి నుంచి చెడ్డకు వరుసగా పేర్చితే, సరిగ్గా మధ్యలో నిలిచేది జాకీ హ్యాండ్. ఇద్దరూ ఒకొక్క ముక్క మార్చుకున్న ఆటలో పది, జాకీ అనేవి గెలవగలవు గాని, వాటితో పెట్టే బెట్‌కు కాల్ చేసేవారి దగ్గర సాధారణంగా అంతకన్నా మంచిదే ఉంటుంది. అందుకే ముందుగా మాట్లాడవలసిన స్థితిలో తొమ్మిది లేదా అంతకన్నా మంచిదానితోనే బెట్ పెట్టండి. బటన్ మీద ఉండి ప్రత్యర్థి చెక్ చేస్తే నున్నని పదితో కూడా పెట్టవచ్చు. మీరు ప్యాట్‌గా ఉండి ప్రత్యర్థి ఒక ముక్క మార్చినప్పుడు ఇంకా జాగ్రత్త అవసరం. మీ దగ్గర పూర్తయిన హ్యాండ్ ఉందని ఆయనకు తెలుసు, ఓడేదాన్ని వదిలేస్తారు, గెలిచేదానితో రైజ్ చేస్తారు. అక్కడ ఎనిమిదితో బెట్ పెట్టండి, మొరటు తొమ్మిదితో చెక్ చేసి ఆయన బెట్ పెడితే కాల్ చేయండి.

కాల్ లెక్కను పాట్ పరిమాణమే నిర్ణయిస్తుంది. పాట్‌లో ఐదు పెద్ద బెట్లుండగా ప్రత్యర్థి ఆరోది వేస్తే, ఏడు సార్లలో ఒకసారి గెలిచినా మీ కాల్ నష్టపోదు. లిమిట్ ఆటలో చివరి బెట్‌కు మంచి జాకీని వదిలేసేవారు ఒక బెట్‌ను కాపాడుకుంటున్నామనుకుంటూ మొత్తం పాట్‌ను పోగొట్టుకుంటారు. అదే పాట్‌లో మీరు మోసంగా బెట్ పెడితే ఆరింట ఒకసారి ప్రత్యర్థి వదిలేసినా సరిపోతుంది. ఐతే తరచూ చేస్తే ఆయన పసిగట్టి ప్రతిసారీ కాల్ చేస్తారు కనుక, నిజమైన హ్యాండ్‌తో పెట్టే ప్రతి ఆరు బెట్లకు ఒకటి చొప్పున మోసం ఉండేటట్లు చూసుకోండి. ఆ ఒక్కదానికి జత పడిన హ్యాండ్‌ను ఎంచుకోవాలి. రాణి, రాజు ఉన్న హ్యాండ్ చెక్ చేసి చూపించినప్పుడు అప్పుడప్పుడు గెలుస్తుంది, ఎందుకంటే ప్రత్యర్థికి కూడా జత పడి ఉండవచ్చు. మీకే జత పడితే చూపించి గెలిచే అవకాశం దాదాపు ఉండదు కాబట్టి, ఆ హ్యాండ్‌తో బెట్ పెట్టడం వల్ల మీరు పోగొట్టుకునేది ఆ ఒక్క బెట్ మాత్రమే.